చిత్తకు దిగువ ఆకాశం



పెన్న ఒడ్డున సోమశిల దగ్గర నిలబడి దక్షిణంగా చూస్తే కనిపించే ఆకాశం గురించి ఈ పూట మాట్లాడదలిచాను. ఉదయగిరి, ఆత్మకూరు, అనంతసాగరం ఊళ్ళవాళ్ళకు అది రోజూ నెత్తిమీద ఉండే ఆకాశమే. అందులో దక్షిణపు భాగాన్ని కళ్ళారా చూడటం కోసం 1833లో ఒక శాస్త్రవేత్త ఇంగ్లండులో ఇల్లు వదిలి, భార్యనూ ముగ్గురు చిన్నపిల్లలనూ వెంటబెట్టుకొని, రెండు నెలలు ఓడలో ప్రయాణం చేసి ఆఫ్రికా ఖండం కొసకు చేరాడు. నాలుగేళ్ళు అక్కడే ఉండిపోయాడు. ఆయన పేరు సర్ జాన్ హెర్షెల్. అంత దూరం పోయి ఆయన చూసినవాటిలో చాలావాటిని మనం ఊరు దాటకుండానే చూడగలం. ఈ సంగతి మన నెల్లూరు జిల్లా పడమటి మండలాల్లో ప్రతి బిడ్డకూ తెలియాలని నా కోరిక.

ముందు ఆ ఇంటి కథ కొంచెం చెప్పుకోవాలి. జాన్ తండ్రి విలియం హెర్షెల్ సంగీతం చెప్పుకొని బతికినవాడు. తన దూరదర్శిని తానే చేసుకొని, 1781లో యురేనస్ గ్రహాన్ని కనిపెట్టాడు. ఆ తరువాత చెల్లెలు కెరొలిన్ తోడుగా ఇరవై ఏళ్ళు రాత్రింబగళ్ళు శ్రమించి ఆకాశంలో మసక మసకగా కనిపించే మచ్చలను వెతికాడు. వాటిలో కొన్ని నక్షత్ర గుచ్ఛాలు, అంటే ఒకే చోట గుమిగూడిన తారలు. కొన్ని నీహారికలు. నెబ్యులాలని శాస్త్రజ్ఞులు పిలిచేవి అవే. అప్పటిదాకా ఫ్రాన్సులో మెస్సియే అనే ఆయన కూర్చిన జాబితాలో నూరు చిల్లర ఉండేవి. అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి ఆ సంఖ్యను 2500కు చేర్చారు. కెరొలిన్ సొంతంగా తోకచుక్కలు కనిపెట్టింది. అన్న పైన దూరదర్శిని మూతి దగ్గర నిలబడి కేక వేస్తుంటే, కింద దీపం ముందు కూర్చుని లెక్క రాసుకున్నదీ, పగలు ఆ లెక్కలు కట్టి పట్టికలు తయారుచేసినదీ ఆమే. ఆ పట్టికలు లేకుంటే జాన్ తన పని మొదలుపెట్టగలిగేవాడు కాడు. ఈ కథలో నాకు అందరికన్నా ఎక్కువ గౌరవం ఆమె మీదనే.

జాన్ 1792లో పుట్టాడు. కేంబ్రిడ్జిలో గణితంలో మొదటివాడుగా నెగ్గాడు. తండ్రి ముసలితనంలో పక్కన కూర్చుని అద్దాలు సానబట్టడం నేర్చుకున్నాడు. తండ్రి చూసినవాటిని మళ్ళీ ఒక్కొక్కటే చూసి, 1833లో 2307 నీహారికలతో, గుచ్ఛాలతో ఒక జాబితా అచ్చువేయించాడు. వాటిలో 525 కొత్తవి. అయితే అవన్నీ లండను పక్కన స్లావ్ అనే ఊరి నుంచి చూసినవి. ఆ ఊరు భూమధ్యరేఖకు ఉత్తరంగా యాభై ఒకటిన్నర డిగ్రీల మీద ఉంది. అక్కడివాళ్ళకు మొత్తం ఆకాశంలో దక్షిణాన దాదాపు ఐదో వంతు ఏనాటికీ ఉదయించదు. తండ్రి చేయలేకపోయిన ఆ ఐదో వంతును తాను పూర్తిచేయాలని జాన్ పట్టుదల.

ప్రభుత్వం నౌకాదళపు ఓడలో ఉచితంగా పంపుతామన్నది. ఆయన ఒప్పుకోలేదు. ఖర్చంతా తనదే పెట్టుకొని 1833 నవంబరు 13న పోర్ట్స్‌మత్ రేవులో ఓడ ఎక్కాడు. ఆ ఓడకు బొంబాయి గవర్నరుగా చేసిన మౌంట్‌స్టువర్ట్ ఎల్ఫిన్‌స్టన్ పేరు. 1834 జనవరి మధ్యలో కేప్‌టౌన్‌లో దిగాడు. టేబుల్ మౌంటెన్ అనే బల్లపరుపు కొండ దిగువన ఫెల్డ్‌హౌసెన్ అనే తోటలో కాపురం పెట్టి, అక్కడే ఇరవై అడుగుల దూరదర్శినిని నిలబెట్టాడు.

ఆ దూరదర్శిని ఎట్లాంటిదో చెప్పాలి. దాని అద్దం గాజుతో చేసింది కాదు. రాగీ తగరమూ కలిపి పోతపోసిన, కంచు జాతి లోహపు అద్దం. వెడల్పు పద్దెనిమిదింబావు అంగుళాలు. మెరుగు పెట్టినప్పుడు తళతళలాడుతుంది గానీ, మంచు తగిలితే, సముద్రపు గాలి తగిలితే కొద్ది రోజుల్లోనే మాసిపోతుంది. అందుకని ఆయన మూడు అద్దాలు తీసుకుపోయాడు. ఒకటి నాయన చేసింది. ఒకటి నాయన దగ్గరుండి చేయించింది. మూడోది తన సొంతం. ఒకటి గొట్టంలో ఉంటే ఇంకొకటి సానమీద ఉండేది. కొడుక్కు నాయన ఇచ్చిన ఆస్తి అంటే ఇదీ అనిపిస్తుంది నాకు. ఆ అద్దాన్ని తళుకు చెడకుండా కాపాడుకోవడం నేర్చినవాడికే అది పనికొస్తుంది.

ఇక చూసే పద్ధతి. దూరదర్శినిని సరిగ్గా ఉత్తర దక్షిణాల గీత మీద ఉంచుతారు. ఆకాశం తూర్పు నుంచి పడమరకు దానంతట అది జరిగిపోతూ ఉంటుంది. జాన్ స్టోన్ అనే పనివాడు కింద నిలబడి గొట్టాన్ని రెండు మూడు డిగ్రీల మేర మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తుంటాడు. హెర్షెల్ పైన అరుగు మీద, గొట్టం మూతి దగ్గర కన్ను ఆనించి నిలబడతాడు. దున్నేవాడు సాలు పక్కన సాలు తోలినట్టు, రాత్రికి ఒక పట్టె చొప్పున ఆకాశమంతా ఇట్లా దాటించాలి. మసక మచ్చ కంటబడగానే గడియారం చూసి వేళ రాయాలి, ఎంత ఎత్తున ఉందో రాయాలి, దాని ఆకారం రెండు మాటల్లో రాయాలి. దీపం వెలిగిస్తే చీకటికి అలవాటుపడిన కన్ను చెడిపోతుంది. వెలిగించకుంటే రాయడం కష్టం. నాలుగేళ్ళు ఇదే పని. ఈ నడుమ ఆయన భార్య మార్గరెట్ అక్కడి పూలమొక్కల బొమ్మలు గీయడానికి ఆయనకు తోడుపడింది. 1836లో చార్లెస్ డార్విన్ బీగిల్ ఓడ మీద వచ్చి వీళ్ళింట్లో భోజనం చేసి వెళ్ళాడు.

ఆ శ్రమ ఫలితం 1847లో పుస్తకంగా వచ్చింది. అందులో 1707 నీహారికలూ గుచ్ఛాలూ ఉన్నాయి. జంట నక్షత్రాలు 2102. మెజిల్లాను మేఘాలని పేరుపడిన రెండు మబ్బు తునకల్లో, పెద్దదానిలో 919, చిన్నదానిలో 244 వస్తువులను విడివిడిగా లెక్కబెట్టాడు. పాలపుంత ఎక్కడ ఎంత దట్టంగా ఉందో తేల్చడానికి, అక్కడక్కడ 2299 చోట్ల దూరదర్శిని నిలిపి, కంటికి ఆనిన తారలను ఎంచాడు. మొత్తం 68,948. ఈ అంకె ఒకటికి రెండుసార్లు చదువుకున్నాను. ఒక మనిషి, రెండు కళ్ళు, ఒక గడియారం. హానోవర్‌లో 97 ఏళ్ళ వయసులో మంచంలో ఉన్న కెరొలిన్ మేనత్త చేతికి ఆ పుస్తకం అందింది. మరుసటి ఏడే ఆమె కన్నుమూసింది.

హెర్షెల్‌కు ముందు దక్షిణాకాశాన్ని ఎవరూ చూడలేదని అనుకోకండి. ఫ్రెంచివాడు లకాయ్ 1751లోనే కేప్‌కు వచ్చి చిన్న గొట్టంతో చూసి వెళ్ళాడు. జేమ్స్ డన్‌లప్ అనే స్కాట్లండువాడు ఆస్ట్రేలియాలో పరమట్టా నుంచి 1826లో చూసి, 629 మచ్చల పట్టిక ప్రకటించాడు. హెర్షెల్ ఆ పట్టిక పక్కన పెట్టుకొని ఎంత వెతికినా వాటిలో 211 మాత్రమే దొరికాయి. డన్‌లప్ పని తేలికదని నేననను. కానీ ఇంకొకరు అదే చోట అదే వస్తువును మళ్ళీ చూడగలిగేలా గుర్తులు రాసిపెట్టాలి. ఆ పని హెర్షెల్ చేశాడు. ఈనాటికీ శాస్త్రజ్ఞులు వాడే ఎన్‌జీసీ జాబితా, 7840 వస్తువులున్నది, 1888లో డ్రాయర్ అనే ఆయన కూర్చినది. దానికి పునాది హెర్షెల్ 1864లో వేసిన 5079 వస్తువుల సాధారణ జాబితా.

ఇప్పుడు మన సోమశిలకు వద్దాం. సోమశిల భూమధ్యరేఖకు ఉత్తరంగా పద్నాలుగున్నర డిగ్రీల మీద ఉంది. స్లావ్‌లో ఉన్నవాడికి ఎన్నటికీ ఉదయించని ఆకాశం ఐదో వంతు అన్నాను గదా. మనకు ఉదయించనిది నూటికి రెండు పాళ్ళు కూడా ఉండదు. మిగిలిన ఆకాశమంతా ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు వెలిగొండల మీదుగా మనకు కనబడి వెళ్తుంది. ఉత్తరాన ధ్రువుడూ కనిపిస్తాడు, సప్తర్షులూ కనిపిస్తారు. దక్షిణాన హెర్షెల్ వెతుక్కుంటూ పోయినవీ కనిపిస్తాయి. ఆయనకు రెండు దేశాల్లో రెండు కాపురాలు పెడితే గానీ దక్కని ఆకాశం మనకు ఒక్క మిద్దె మీదే దక్కుతుంది.

ఎట్లా వెతకాలో చెబుతాను. సేద్యం చేసేవాళ్ళకు చిత్త కార్తె తెలుసు. అక్టోబరులో వస్తుంది. ఆ రోజుల్లో సూర్యుడు చిత్త నక్షత్రం దగ్గర ఉంటాడు కనుక అది మనకు కనిపించదు. ఆరు నెలలు గడిచి చైత్రం వచ్చేసరికి సూర్యుడు అవతలి పక్కకు పోతాడు, చిత్త రాత్రంతా కనిపిస్తుంది. పున్నమినాడు చంద్రుడు చిత్త దగ్గర ఉంటాడు కనుకనే ఆ నెలకు చైత్రమని పేరు. సప్తర్షుల తోక వంపును అలాగే సాగదీస్తూ పోతే మొదట నారింజ రంగు స్వాతి, ఆ తరువాత తెల్లటి చిత్త తగులుతాయి. మే నెలాఖరున రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నర వేళకు చిత్త సరిగ్గా దక్షిణపు గీత మీదకు వస్తుంది, బాగా ఎత్తున. అప్పుడు చెయ్యి ముందుకు చాచి పిడికిలి బిగించండి. చాచిన చేతి పిడికిలి వెడల్పు ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. చిత్త నుంచి నిట్టనిలువుగా మూడున్నర పిడికిళ్ళు కిందికి దిగండి. అక్కడ మసకబారిన చుక్క ఒకటి ఉంటుంది. చంద్రుడు లేని రాత్రి, కరెంటు దీపాలకు దూరంగా ఉంటే మామూలు కంటికే ఆనుతుంది. బైనాక్యులర్ పెడితే గుండ్రంగా, పున్నమి చంద్రుడంత వెడల్పుతో, అంచులు కరిగిపోయిన వెలుగు ముద్ద కనిపిస్తుంది.

దాని పేరు ఒమెగా సెంటారి. పద్దెనిమిది వందల ఏళ్ళకు పైగా కిందట అలెగ్జాండ్రియాలో టాలమీ దాన్ని నక్షత్రమని రాసుకున్నాడు. 1603లో జర్మనీవాడు బాయర్ నక్షత్రాలకు వేసే అక్షరమే దానికీ వేశాడు. 1677లో తోకచుక్క హాలీ సెయింట్ హెలినా దీవి నుంచి చూసి, ఇది నక్షత్రం తీరుగా లేదే అని గుర్తించాడు. అది వేలకొద్దీ తారలు బంతిలా పోగుపడిన గుచ్ఛమని హెర్షెల్ కేప్ నుంచి తన ఇరవై అడుగుల గొట్టంలో విడదీసి చూసి రాశాడు. ఇప్పుడు తెలిసినంతలో అందులో కోటి దాకా నక్షత్రాలున్నాయి. మన పాలపుంతలో ఉన్న గుండ్రటి గుచ్ఛాలన్నిటిలోకీ పెద్దది అదే. దూరం సుమారు 17,000 కాంతి సంవత్సరాలు. ఇంత పెద్దది లండనువాడికి జన్మలో కనిపించదు. మనకు దిక్చక్రం మీద ఇరవై ఎనిమిది డిగ్రీల ఎత్తున, కొబ్బరిచెట్ల మట్టలకు పైన నిలుస్తుంది.

దాని మీదుగా అర పిడికిలి ఉత్తరంగా జరిగితే ఎన్‌జీసీ 5128 ఉంది. దీనికి మాత్రం చిన్న దూరదర్శిని కావాలి. డన్‌లప్ మొదట చూశాడు. వెలుగు ముద్దను నడుమ అడ్డంగా చీల్చిన నల్లటి పట్టెను హెర్షెల్ వివరంగా బొమ్మ గీశాడు. అది మన పాలపుంతలోది కాదనీ, కోటి కాంతి సంవత్సరాలకు పైగా దూరాన ఉన్న వేరే గెలాక్సీ అనీ ఆయన కాలంలో ఎవరికీ తెలిసే వీలు లేదు. ఆ తెలివిడి 1920లలో ఎడ్విన్ హబుల్ చేసిన పనితో గానీ రాలేదు.

ఇంకా కిందికి దిగితే నాలుగు చుక్కల శిలువ, మన పురాణం తెలిసినవాళ్ళు త్రిశంకువని చెప్పేది. విశ్వామిత్రుడు త్రిశంకు కోసం దక్షిణాన కొత్త సప్తర్షులనూ కొత్త నక్షత్రాలనూ సృష్టించాడని రామాయణం బాలకాండలో ఉంది. ఆ శిలువ పక్కనే ఒక చిన్న గుచ్ఛాన్ని హెర్షెల్ చూసి, అందులోని తారల రంగులకు ముచ్చటపడి, రంగురంగుల మణులు పొదిగిన నగ అన్నట్టుగా రాశాడు. అప్పటినుంచీ దానికి నగల పెట్టె అనే అర్థం వచ్చే పేరు స్థిరపడింది. మనకు పదిహేను డిగ్రీల ఎత్తు దాటదు. కొండ అడ్డమొస్తే అంతే సంగతులు. మెజిల్లాను మేఘాలైతే మనకు దిక్చక్రానికి మరీ దగ్గర. పెద్దది ఆరు డిగ్రీలు కూడా లేవదు. వాటి కోసం మాత్రం హెర్షెల్ దారిన దక్షిణానికి పోవలసిందే.

ఒక్క నక్షత్రం కథ ఇక్కడ విడిగా చెప్పాలి. ఆ శిలువకు పడమరగా, పాలపుంత వెలుగులోనే, ఈటా అనే తార చుట్టూ పెద్ద నీహారిక ఉంది. ఏప్రిల్ నడుమ రాత్రి తొమ్మిది ప్రాంతంలో మనకు దక్షిణంగా కనిపిస్తుంది. హెర్షెల్ దీని పటం గీయడానికి నెలల తరబడి కూర్చుని, అందులో 1216 తారల చోట్లు కొలిచి గుర్తుపెట్టాడు. 1837 డిసెంబరు 16 సాయంత్రం మళ్ళీ చూడబోతే, రోజూ చూసే ఆ తార ఉన్నట్టుండి మూడింతలు వెలిగిపోతున్నది. చుట్టుపక్కల తారలతో పోల్చి చూసుకుంటే, ఓరియన్ నక్షత్ర మండలంలో కాలి దగ్గరి నీలి తార అంత కాంతి. సంక్రాంతి లోపల ఇంకా పెరిగింది. ఆయన 1838 మార్చిలో ఓడ ఎక్కి వెళ్ళిపోయాక, 1843లో అది సిరియస్ ఒక్కదానికి మాత్రమే లోకువగా నిలిచింది. ఆ తరువాత సన్నగిల్లి, మామూలు కంటికి కనిపించకుండా పోయింది. సూర్యుడికి నూరు రెట్ల బరువున్న తార తన ఒంటి పదార్థాన్ని తానే ఎగజిమ్ముకోవడమే ఆ వెలుగు. అంతకుముందు నాలుగేళ్ళుగా హెర్షెల్ దాని ప్రతి చుక్కనూ కొలిచి పెట్టుకొని ఉండకపోతే, ఎంత పెరిగిందో, ఏనాడు పెరిగిందో చెప్పగలిగేవాళ్ళు లోకంలో లేరు.

ఇంతకూ ఈ నీహారికలు ఏమిటి? దూరం వల్ల కలిసిపోయి కనిపించే తారల గుంపులా, లేక నిజంగానే పొగలాంటి పదార్థమా? తండ్రి హెర్షెల్ మొదట అన్నీ తారలేనన్నాడు, 1790లో మనసు మార్చుకున్నాడు. 1845లో ఐర్లండులో రాస్ ప్రభువు ఆరడుగుల అద్దంతో చూసేసరికి మళ్ళీ తారల పక్షానికే బలం వచ్చింది. ఎంత పెద్ద గొట్టం పెట్టినా కంటితో చూస్తున్నంత కాలం ఈ తగువు తీరదు. తీర్చింది వర్ణపట దర్శిని. వెలుగును పట్టకంలోంచి పంపి రంగులుగా విడదీసే పరికరం. వేడెక్కిన వాయువు వెలుగు విడివిడి గీతలుగా పడుతుంది. నక్షత్రం వెలుగు ఇంద్రధనుస్సు పట్టీగా పరచుకుంటుంది. 1864 ఆగస్టు 29 రాత్రి లండనులో విలియం హగ్గిన్స్ ఒక చిన్న గుండ్రటి నీహారిక మీద దీన్ని గురిపెడితే పట్టీ లేదు, కొద్ది గీతలు మాత్రం పడ్డాయి. అది వాయువే. ఒక్క రాత్రిలో నూరేళ్ళ సందేహం తేలింది. ఒమెగా సెంటారి లాంటివి తారల పోగులు. ఈటా చుట్టూ ఉన్నది వాయువు.

ఇక్కడి నుంచి కథ మన దక్షిణాదికి వస్తుంది. జాన్ హెర్షెల్ కేప్‌లో ఉండగా 1837లో పుట్టిన కొడుక్కు తన పేరే పెట్టుకున్నాడు. ఆ జాన్ పెద్దవాడై ఇంజనీరు దళంలో లెఫ్టినెంటుగా మన దేశానికి వచ్చి, దేశాన్ని కొలిచి పటాలు గీసే గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వేలో పనిచేశాడు. లండన్ రాయల్ సొసైటీ అతనికి దూరదర్శినినీ వర్ణపట దర్శినినీ పంపి, ఇంగ్లండు నుంచి కనిపించని దక్షిణపు నీహారికలను పరీక్షించమని కోరింది. నాయన చూసి పటంలో పెట్టిన నీహారికలను కొడుకు బెంగుళూరు నుంచి ఒక్కొక్కటే గురిపెట్టి, ఏది వాయువో ఏది తారల పోగో వేరుచేసి, 1868లో నివేదిక పంపాడు. నాయన అప్పటికి బతికే ఉన్నాడు. 1871లో పోయాడు, న్యూటన్ పక్కన సమాధి చేశారు.   

అదే 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన తెలుగునేల మీదుగా పోయింది. గుంటూరులో జూల్ లెఫోషేర్ అనే ఫ్రెంచి వర్తకుడి ఇంట్లో ఆ దేశపు ఖగోళ శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ మకాం పెట్టాడు. ఆంగ్లేయుల తరఫున మేజర్ టెనెంట్ కూడా గుంటూరులోనే. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ బందరులో. ఆయన మొదటి సహాయకుడు చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలో వనపర్తి దగ్గర. లెఫ్టినెంటు హెర్షెల్ కన్నడదేశంలో జమఖండిలో. గ్రహణం ఐదు నిమిషాలకు పైగా నిలిచింది. సూర్యుడి అంచు దాటి ఎగసే ఎర్రటి మంటల మీద జాన్సెన్ వర్ణపట దర్శిని పెట్టగానే మెరిసే గీతలు కనిపించాయి. హగ్గిన్స్ నీహారికలో చూసిన సాక్ష్యమే మళ్ళీ సూర్యుడి దగ్గర పలికింది. మంటలు వాయువు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకున్నా చూడవచ్చని ఆయనకు తట్టింది. మరునాడు ఉదయమే గుంటూరులో మామూలు ఎండలో చూశాడు. ఆ తరువాత రెండు వారాలకు పైగా రోజూ చూశాడు. ఈ సంగతిని కాకినాడ నుంచి పారిస్‌కు ఉత్తరం రాసి పంపాడు. ఓడ చేరేసరికి అక్టోబరు నెలాఖరు. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ గ్రహణంతో పనిలేకుండా అదే సంగతి సొంతంగా కనిపెట్టి పంపిన ఉత్తరమూ, ఇదీ పారిస్ అకాడమీలో ఒకే రోజున చదివారు. ఇద్దరి ముఖాలతో ఒక పతకం ముద్రించారు. ఆ మంటల్లోని పసుపుపచ్చ గీత వెనుక పడి లాకియర్ పేరుపెట్టిన మూలకమే హీలియం. గుంటూరులో ఈ సంగతి చెప్పే గుర్తు ప్రతి బడిలోనూ ఉండాలి. మిరపకాయల యార్డు ఎంత ప్రసిద్ధమో ఇదీ అంత ప్రసిద్ధం కావాలి.

మరి మనవాళ్ళు? హెర్షెల్ కేప్‌లో ఉన్న ఆ రోజుల్లో, మద్రాసు వేధశాలలో టేలర్ అనే ఆయన పదకొండు వేల నక్షత్రాల చోట్లు కొలుస్తున్నాడు. ఆయన దగ్గర ఖగోళం నేర్చుకున్న తెలుగు జమీందారు గోడే వెంకట జగ్గారావు. తిరిగివెళ్ళి 1840 ప్రాంతంలో విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో సొంత వేధశాల కట్టించాడు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు సర్కారు ఉద్యోగం వదిలి ఆ వేధశాల బాధ్యత ఎత్తుకున్నాడు. గ్రహణాలు, తోకచుక్కలు, 1874 డిసెంబరు 9న సూర్యుడి మీదుగా శుక్రుడి ప్రయాణం, ఇవన్నీ చూసి లండన్ పత్రికలకు రాశాడు. రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనను సభ్యుడిగా చేర్చుకుంది. నీహారికలు వెతికే పనికి ఆయన దిగలేదు. వేళ కొలవడం, వానా గాలీ లెక్కగట్టడం మీదే ఆ వేధశాల ఎక్కువ దృష్టి పెట్టింది. రేవు పట్టణానికి కావలసింది అదే, తప్పుపట్టను. రఘునాథాచారి మాత్రం 1867లో మద్రాసు నుంచి వెలుగు హెచ్చుతగ్గులయ్యే ఒక కొత్త తారను కనిపెట్టాడు. అది దక్షిణాన రెటిక్యులం అనే చిన్న మండలంలో ఉంది. మద్రాసులో దిక్చక్రం మీద పద్నాలుగు డిగ్రీలకు మించి లేవదు. ఇంగ్లండులో ఎవరికీ కనిపించని ఆ అట్టడుగు ఆకాశంలో వెతకడం వల్లనే అది ఆయనకు దొరికింది.

ఆ పాఠం హైదరాబాదులో పెరిగిన వైను బప్పు బాగా వంటబట్టించుకున్నాడు. తండ్రి నిజామియా వేధశాలలో పనిచేస్తుండగా ఆ దూరదర్శినుల నడుమ పెరిగిన కుర్రవాడు. తరువాత కొత్త వేధశాలకు చోటు వెతుకుతూ తమిళనాడులో జవాది కొండల మీద కావలూరు ఎంచుకున్నాడు. దక్షిణాకాశం బాగా అందే అక్షాంశమన్నది ఆ ఎంపికకు ఒక ముఖ్య కారణం. అక్కడి తొంభై మూడు అంగుళాల దూరదర్శినికి ఇప్పుడు ఆయన పేరే. అది మన సోమశిలకు దక్షిణంగా రెండు డిగ్రీల దూరంలో, ఇంచుమించు ఒకే ఆకాశం కింద ఉంది.

ఇక చూడబోయేవాళ్ళకు నాలుగు మాటలు. చైత్ర వైశాఖాల్లో అమావాస్యకు అటూ ఇటూ వారం రోజులు మంచివి. దక్షిణం వైపు కొండ గానీ తోపు గానీ అడ్డులేని చోటు చూసుకోండి. చేను గట్టయినా చాలు, మిద్దె అయినా చాలు. రిజర్వాయరు కట్ట మీదకు పోయేట్టయితే అధికారుల అనుమతి తీసుకోండి, పిల్లలను నీళ్ళ దగ్గరకు పోనివ్వకండి. టార్చి లైటుకు ఎర్రగుడ్డ కట్టండి, సెల్‌ఫోను జేబులోనే ఉంచండి. కన్ను చీకటికి అలవాటు కావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. వాన మబ్బు పట్టిన రోజుల్లో దిగువ ఆకాశం మసకగా ఉంటుంది, ఇంకో రోజు చూడండి. చలికాలంలో అయితే మాఘమాసం రాత్రుల్లో అగస్త్య నక్షత్రం దక్షిణాన కనిపిస్తుంది, అదీ లండనుకు అందనిదే. బైనాక్యులర్ లేనివాళ్ళు పిల్లలకోడి అని మన ఊళ్ళలో పిలుచుకునే కృత్తికలతో మొదలుపెట్టండి. అది మామూలు కంటికి కనిపించే నక్షత్ర గుచ్ఛం.

ఆత్మకూరు, ఉదయగిరి, అనంతసాగరం మండలాల సైన్సు మాస్టర్లకు ఒక విన్నపం. ఏప్రిల్లో బడులు మూసేలోపు వచ్చే అమావాస్య వారంలో ఒక రాత్రి తొమ్మిదో తరగతి పిల్లలను తల్లిదండ్రుల అనుమతితో బయటికి తీసుకురండి. ఈటా చుట్టూ ఉన్న నీహారిక తొమ్మిదికే దొరుకుతుంది. ఒమెగా సెంటారి కోసం ఆ నెలలో పదకొండున్నర దాకా మేలుకోవాలి. అంతసేపు ఉండలేని పిల్లలకు మే నెలాఖరున సెలవుల్లో, మిద్దె మీద పక్కలు వేసుకునే వేళ, ఇంట్లోనే చూడమని చెప్పి పంపండి. చూసినది చూసినట్టు, తేదీ, వేళ, ఎత్తు ఎన్ని పిడికిళ్ళో నోటుబుక్కులో రాయించండి.